టంకం నిండుకుంది

జోగిపేట,
6-8-1978

చిరంజీవి విశ్వేశ్వర్‌కు మామ పాండురంగం ఆశీర్వదించి రాయించేది.

ఇక్కడ అందరం క్షేమం. అంటే మీ అత్త శకుంతలకు మోకాళ్లు పట్టేశాయి. నా కండ్లలో మోతిబిందు, అదే శుక్లం, ముదిరి నిన్న గిరాకీకి కందిపప్పు బదులు శనగపప్పు కట్టిచ్చాను. ఎలుకలు చింతపండు బస్తా కొరికాయి. ఇవి తప్ప క్షేమం. అక్కడ నువ్వు కూడా ఇట్లాగే క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఏడాదిన్నరగా కాగితం మీద అక్షరం నాకు చీమల బారులా కనిపిస్తున్నది. అందుకని నేను చెప్తుంటే మా విజయ రాస్తున్నది. నీ ఉత్తరాలు వచ్చినా అదే చదివి వినిపించాలి. పదో తరగతి దాకా చదివించినందుకు ఈ మాత్రం పనికొచ్చింది. (ఈ మాట రాయనన్నాను. రాయమన్నారు. - విజయ)

నీకు ఫ్యాక్టరీలో స్టోరు అప్పజెప్పారని విని మా వాడకట్టంతా చెప్పుకొచ్చాను. రేకు డబ్బాల ఫ్యాక్టరీ అంటే చిన్నచూపు చూస్తారని, రైలింజన్ల ఫ్యాక్టరీ అన్నాను. చిన్న మాట, ఎవరికేం నష్టం?

ఒకటి గుర్తుపెట్టుకో. పన్నెండేండ్లు నా దుకాణంలో పెరిగినవాడివి. స్టోరు రూము కూడా దుకాణమే. సరుకున్న చోట ‘లేదు’ అనే మాట నోటికి రావద్దు, లక్ష్మి అలిగిపోతుంది. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. ‘పోతా’ అనకుండా ‘పోయొస్తా’ అనాలి. ఇవి అబద్ధాలు కావు, మర్యాదలు.

ఆరు నెలలు నిండితే పర్మినెంటు ఆర్డరు ఇస్తారన్నావు. అది చేతికి రాగానే మాఘమాసంలో నీకూ విజయకూ లగ్గం. (ఇక్కడ సిరా ఒలికింది. ఏమీ అనుకోవద్దు. - వి.)

దుకాణం కట్టేసే వేళయింది.

నీ మేలు కోరే మామ,
పాండురంగం


పటాన్‌చెరు,
22-8-1978

మామగారికి విశ్వేశ్వర్ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమంగా లేను. దానికి కారణం మీరే.

మా ఫ్యాక్టరీలో రేకును డబ్బాగా చుట్టి, అతుకు మీద టంకం కరిగించి పోస్తారు. టంకం లేకపోతే డబ్బా లేదు. స్టోరుకు పెద్ద కులకర్ణి సారు. షోలాపూర్ మనిషి. ఈ మధ్యనే తెలుగు నేర్చుకునే పుస్తకం ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి మాతో హిందీలో మాట్లాడడు. ఎంత బతిమాలినా మాట్లాడడు.

పది రోజుల కింద, శనివారం నాడు, నన్ను పిలిచి, “విశ్వేశ్వర్, టంకం ఎలా ఉన్నది?” అన్నాడు. పెట్టె అడుగున నాలుగు ముక్కలు మిగిలాయి. మీరు నేర్పిన మర్యాద తలుచుకుని, “నిండుకుంది సార్” అన్నాను. “శభాష్! చాలా మంచిది!” అని వీపు తట్టాడు. సరుకు అయిపోతే సంబరపడే మనిషిని ఎక్కడా చూడలేదు, వాళ్ల దేశాచారమేమో అనుకున్నాను. ఆయన మాత్రం హైదరాబాదు ఆఫీసుకు ఫోను చేసి, టంకం ఫుల్లుగా ఉంది, ఈ నెల పంపొద్దు అన్నాడట.

బుధవారం పొద్దున పని ఆగిపోయింది. నూట నలభై మంది రేకులు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కులకర్ణి సారు ఉరికొచ్చి పెట్టె తెరిచి చూశాడు.

“నువ్వు నిండుకుంది అన్నావు!”

“అవును సార్. గందుకే అన్న.”

“నిండు అంటే ఫుల్!”

“నిండు అంటే ఫుల్లే సార్. నిండుకుంది అంటే ఖాళీ.”

ఆయన జేబులోంచి పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా దొరకలేదు. పుస్తకాన్ని నా బల్ల మీద విసిరికొట్టి, “యే జబాన్ హై యా ధోకా?” అన్నాడు, ఇది భాషా మోసమా అని. అంత కోపంలో హిందీ వచ్చేసింది పాపం. నాతో గదిలో ఉండే లింగం, జిన్నారం పక్క రైతుబిడ్డ, టంకం దగ్గరే పని చేస్తాడు. వాడు ఊరుకోక, “సార్, మా ఊర్ల పాము కరిస్తె పురుగు ముట్టింది అంటం. జెర అది గూడ రాసుకోండ్రి” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం మెమో వచ్చింది. సంజాయిషీ రాసివ్వాలి. పర్మినెంటు మాట ఇప్పుడెత్తొద్దన్నారు.

ఆదివారం లింగంతో ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి భవానీ అమ్మవారి ముందు మొక్కుకున్నాను. పర్మినెంటు ఆర్డరు వచ్చేదాకా చిన్నదైనా పెద్దదైనా ఒక్క అబద్ధం ఆడను. ఈ ఉత్తరంతోనే మొదలు పెడుతున్నాను.

అత్త పంపిన గరిజెలు అందరూ లొట్టలేసుకుని తిన్నారని రాశాను. అది అబద్ధం. ఒకటి కొరికి లింగం పన్ను కదిలింది. మిగిలినవాటిలో ఒకదాన్ని కిటికీ కొట్టుకోకుండా సందులో పెట్టుకున్నాం. బాగా ఆగుతుంది.

శనివారం భజనలో మీ గొంతు గంటలా ఉంటుందని పదేండ్లుగా అంటున్నాను. ఉండదు. మీరు అందుకోగానే తబలా ఆయన ఎందుకు తల వంచుకుంటాడో మీకు తెలియదు, నాకు తెలుసు.

ఇంకా ఉన్నాయి. కాగితం అయిపోయింది. నిండుకోలేదు, అయిపోయింది.

ఇట్లు,
నిజం చెప్పే మీ అల్లుడు,
విశ్వేశ్వర్


జోగిపేట,
30-8-1978

చిరంజీవి విశ్వేశ్వర్‌కు మామ పాండురంగం ఆశీర్వదించి రాయించేది.

నీ ఉత్తరం అందింది. చదివించుకుని చాలా సంతోషపడ్డాను. నిజం చెప్పే అల్లుడు దొరకడం మా పూర్వజన్మ సుకృతం. గరిజెల సంగతి విని మీ అత్త కూడా ఎంతో మురిసింది. ఉద్యోగం గురించి రంది పెట్టుకోకు. ఆర్డరు ఆలస్యమైనా లగ్గం మాఘంలోనే. వేళకు తిను. రోజూ తలస్నానం చేయకు, జలుబు చేస్తుంది.

నీ మేలు కోరే మామ,
పాండురంగం

(మడత మీద)

బావా, పైన రాసినదాంట్లో నాన్న చెప్పింది ఒక్క ముక్క లేదు.

నీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే గల్లాపెట్టె పక్కన కూర్చుని గట్టిగా చదివాను. టంకం దగ్గర నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఊపులో ముందుకు పోయాను. గరిజెల దగ్గర అమ్మ లోపల్నుంచి గరిటెతో వచ్చింది. ఆపుదామనుకునేలోపు భజన కూడా నోట్లోంచి వచ్చేసింది. తబలా ఆయన అక్కడే చింతపండు కొనుక్కుంటున్నాడు. తల వంచుకున్నాడు.

నాన్న అన్న మాటలు ఇవి: “వాని నోట్ల మన్నువడ! పన్నెండేండ్లు నా ఉప్పు తిని నా గొంతును అంటడా! రాయి బిడ్డా. లగ్గం లేదు గిగ్గం లేదు, నా గడప తొక్కకు అని రాయి. సిద్దిపేట బట్టల దుకాణపోల్లు అడుగుతనే ఉన్నరు, వాల్లకే ఇస్త.” ఇంకా చాలా అన్నాడు. నేను రాస్తున్నట్టు కలం కదిలించాను. “రాసినవా?” అంటే “రాసిన నాయినా” అన్నాను. పైన ఉన్నది రాశాను.

నీకు నిజం మీద అంత మోజుంటే కులకర్ణి సారుకు చెప్పుకో. నాన్నకు క్షమాపణ రాయి. మిగతాది నేను చూసుకుంటా. నీకు బుర్ర లేదు. ఇది కూడా నిజమే.

విజయ


పటాన్‌చెరు,
12-9-1978

విజయకు విశ్వేశ్వర్ రాసేది.

ఈ ఉత్తరం మామకు చదవకు. చదివితే ఏం చదువుతావో నీ ఇష్టం, నాకు చెప్పకు. చెప్తే ఆ పాపంలో నాకూ భాగం వస్తుంది.

సిద్దిపేట మాట విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఆ బట్టల దుకాణంవాడు ఎట్లా ఉంటాడు? నిజం చెప్పు. వద్దు, చెప్పకు.

క్షమాపణ మాత్రం రాయలేను. ఏమని రాయాలి? మీ గొంతు బాగుంటుందనా? అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి మొక్కిన మనిషిని. తప్పంతా మీ నాన్న మర్యాదలది. చిన్న అబద్ధమే కదా అని నోటికి అలవాటు చేస్తే, చివరికి నూట నలభై మంది చేతుల్లో రేకులు పట్టుకుని నిలబడ్డారు. నువ్వు చేసేది కూడా అదే. ఎవరికీ నష్టం లేదంటావు. మీ నాన్న ఒకటి అనుకుంటున్నాడు, నేను ఒకటి చదువుతున్నాను, మధ్యలో ఉత్తరం ఒకటే. ఇది ఎక్కడికి పోతుంది?

మెమోకు సంజాయిషీ రాసిచ్చాను. ‘మా కులంలో సరుకు లేదనడం అశుభం కనుక నిండుకుందన్నాను’ అని ఉన్నదున్నట్టు రాశాను. టైపు చేసే ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. స్టోరు ఖాళీగా ఉండటం అశుభం కనుక నిండుగా ఉందని చెప్పాను అని వచ్చింది. ఇప్పుడు నన్ను మతిలేనివాడి కింద జమకట్టారు.

కులకర్ణి సారు ఆదివారం ఇంటికి పిలిచి చాయ పోసి, “నా తెలుగు ఎలా ఉన్నది? నిజం చెప్పు” అన్నాడు. ఆ మాట ఇంకెవరినైనా అడిగినా బాగుండేది. “సార్, మీరు కూర్చోండి అంటే మాకు లేచి ఉరకబుద్ధయితది” అన్నాను. ఆయన కప్పు కింద పెట్టాడు. ఆయన భార్య లోపలికి పోయింది. నేను చాయ సగంలో వదిలి వచ్చాను.

లింగం కూడా మాట్లాడటం మానేశాడు. వాడికి పిల్లనిచ్చేవాళ్లు వచ్చి, “పిలగాడు బీడీ తాగుతడా?” అని అడిగారు. వాడినడిగితే బాగుండేది. నన్నడిగారు.

విజయా, ఈ మొక్కు నన్ను చంపేట్టుంది. కానీ అమ్మవారితో ఆడుకోలేను.

విశ్వేశ్వర్


జోగిపేట,
4-10-1978

చిరంజీవి విశ్వేశ్వర్‌కు మామ పాండురంగం మనసారా ఆశీర్వదించి రాయించేది.

నా భజన వినక నీ చెవులు చిన్నబోయాయని నువ్వు రాసిన మాటకు నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి నాయనా. పోయినసారి నిన్ను కఠినంగా తిట్టినందుకు ఏమీ అనుకోకు. అన్ని తిట్లు తిన్నా ఎదురు చెప్పకుండా పాదాలకు నమస్కారం రాశావు. అదీ పెంపకమంటే. శనివారం నీ పేరు చెప్పి మూడు పాటలు ఎక్కువ పాడాను. సిద్దిపేటవాళ్లకు మాకు కుదరదని కబురు చేశాను. లగ్గం మాఘంలోనే.

దీపావళి దాటాక సంగారెడ్డిలో నా కంటికి ఆపరేషన్. ఒక నెల తరువాత అద్దాలిస్తారట. అప్పుడు తీగెకు గుచ్చిన నీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే నా కండ్లతో నేనే చదువుకుంటా. ముందు ఆ చెవులు చిన్నబోయిన ఉత్తరమే చదువుతా.

నీ మేలు కోరే మామ,
పాండురంగం

(మడత మీద)

బావా, ఈసారి పైన రాసిందంతా నాన్న చెప్పిందే. అక్షరం మార్చలేదు. అందుకే నాకు చెమటలు పడుతున్నాయి.

నీ ఉత్తరాన్ని నేనెట్లా చదివానో ఇప్పుడు నీకు తెలిసింది. పాపంలో నీకు భాగం వచ్చినా సరే, ఇక దాచలేను. మొదటి ఉత్తరంలో గరిజెల మాట, గొంతు మాట నువ్వు రాయలేదని, నీ మీద అలకతో నేనే కల్పించి చదివానని కూడా నాన్నను నమ్మించాను. అద్దాలు వచ్చేలోపు తీగె మీద నేను చదివిన ఉత్తరాలు ఉండాలి. రెండూ మళ్లీ రాయి. పాత తేదీలే వేయి. ఏం చదివానో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను, చూసి రాస్తే చాలు. నీ చేతిరాత నాకొచ్చుంటే నేనే రాసేదాన్ని. ప్రయత్నం చేశాను. నీ ‘క్ష’ నాకు రావడం లేదు.

నువ్వు రాయకపోతే నాన్న నీ అసలు ఉత్తరాలు చదువుతాడు. నువ్వు అన్నది, నేను చేసింది రెండూ తెలుస్తాయి. అప్పుడు నిన్ను గడప తొక్కనివ్వడు, నన్ను దాటనివ్వడు. సిద్దిపేట కాకుంటే ఇంకో పేట దొరుకుతుంది.

నాకు నువ్వే కావాలి బావా. సిగ్గు విడిచి రాస్తున్నాను. ఇది అబద్ధం కాదు. రాస్తావా, రాయవా?

విజయ


పటాన్‌చెరు,
13-11-1978

విజయకు విశ్వేశ్వర్ రాసేది.

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు నన్ను ఎంత తిట్టుకుని ఉంటావో తెలుసు. రోజూ కాగితం ముందు కూర్చున్నాను. తేదీ వేస్తాను, చెయ్యి ఆగిపోతుంది.

చివరికి లింగం చూడలేక మాట కలిపాడు. “వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్నరు. నువ్వు రెండు కాయితాలకే గింత పరేషాన్ అయితున్నవేందిరా? నా పెండ్లి చెడగొట్టినవు. నీదన్న కానియ్యి” అన్నాడు. ఆ చివరి మాట నాకు తగిలింది. ఎవరికి సంతోషమైంది నా నిజంతో? లింగానికి సంబంధం పోయింది. బీడీ మాత్రం పోలేదు.

నిన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి అమ్మవారికి ఇంకో కొబ్బరికాయ కొట్టి తప్పు చెప్పుకున్నాను. వచ్చి రాశాను. రెండు ఉత్తరాలు ఇందులోనే ఉన్నాయి, పాత తేదీలతో.

నువ్వు రాసిచ్చినట్టు మాత్రం రాయలేకపోయాను. ఎంతైనా అలవాటు పడ్డాను. గొంతు గురించి, ‘భజనలో ఎంతమంది పాడినా మీ గొంతే ముందు వినబడుతుంది’ అని రాశాను. నిజమే కదా. గరిజెల గురించి, ‘నెల దాటినా ఒక్కటీ పాడు కాలేదు’ అని రాశాను. అదీ నిజమే. మామ ఎట్లా అర్థం చేసుకుంటాడో ఆయన ఇష్టం. అసలు ఉత్తరాలు మాత్రం చింపి పొయ్యిలో వేయి.

ఇంకో మాట. కులకర్ణి సారు నన్ను పిలిచి హిందీలోనే చెప్పాడు. ఆయన తెలుగు బాగుందని ఫ్యాక్టరీలో పద్దెనిమిది మంది అన్నారట, నేనొక్కడినే కాదన్నానట. “స్టోర్ కో ఐసా హీ ఆద్మీ చాహియే”, స్టోరుకు ఇట్లాంటి మనిషే కావాలని పైకి మంచిగా రాశాడు. ఆర్డరు జనవరిలో రావచ్చు. నిజానికి కూడా అప్పుడప్పుడు కూలి దొరుకుతుంది.

నాకూ నువ్వే కావాలి. ముందే రాయాల్సింది.

విశ్వేశ్వర్


జోగిపేట,
20-12-1978

అల్లుడు విశ్వేశ్వర్‌కు మామ పాండురంగం సొంత చేత్తో రాసేది.

అక్షరాలు వంకరబోతె నవ్వకు. నేను నిజాం జమానల ఉర్దూల చదివినోన్ని. తెలుగు రాసుడు దుకాణం చీటీల మీదనే వచ్చింది. నోటికెట్లొస్తె గట్లనే రాస్త. పక్కన విజయ లేదు. భవాని గుడికి పోయింది, ఏం మొక్కుకున్నదో నాకు ఎర్కనే.

అద్దాలొచ్చినయి. సీసా అడుగు లెక్క మందంగున్నయి గని మస్తు కనవడుతున్నది. మొన్న ఇంట్ల ఎవ్వలు లేనప్పుడు దుకాణం మొత్తం సదురుకుంట వచ్చిన. రెండేండ్ల సంది చూడలే కదా. మెంతుల డబ్బ మూత తీస్తె అండ్ల నీ ఉత్తరాలు ఉన్నయి. తీగె మీద చూస్తె గదే తారీఖుల్ల ఇంక రెండున్నయి. పక్కపక్కన పెట్టుకోని చదివిన. నువ్వు పొయ్యిల వెయ్యమన్న ముక్క గూడ గండ్లనే ఉన్నది. వెయ్యలే అది. నీ చేతిరాత కాలవెట్ట బుద్ధి కాలేదేమో పిచ్చిదానికి.

చెప్పు తీసిన రా. నిజం చెప్తున్న, చేతిల చెప్పు పట్టుకోని పటాన్‌చెరు బస్సుకు టైం ఎంతని అడిగిన. లగ్గం లేదని నేను జెప్తె ఇంకేందో రాస్తదా! నా గొంతును నువ్వు గంత మాటంటివా! నలభై ఏండ్ల సంది ఊరందరికి చిన్న చిన్న అబద్ధాలు అమ్మినోన్ని, నాకే అమ్మింది నా బిడ్డ.

గని నీకొక సంగతి చెప్పాలె. సంగారెడ్డి దవాఖానల కండ్లకు పట్టి కట్టి పండవెడితె తోచక భజన అందుకున్న. పక్క మంచపాయన లేచి కూసోని, నన్ను ఇంటికి తోలుండ్రి అని డాక్టర్‌ను బతిమిలాడిండు. ఆయనకు నేనెవ్వన్నో తెల్వదు, ఆయన నా ఉప్పు తినలే. అప్పుడే నాకు జెర అనుమానమైంది. చెప్పు కింద పెట్టిన.

సాయంత్రం విజయ వచ్చి భయం భయంగ, “అద్దాలు పెట్టుకున్నవా నాయినా? అక్షరాలు కనవడుతున్నయా?” అన్నది.

“ఏం కనవడుతయి బిడ్డా, ఇంక మసకనే ఉన్నది. బావ ఉత్తరం నువ్వే చదివి పెట్టు” అన్న. అద్దాలు గల్లాపెట్టె మీద పెట్టబోయి, ఊరికెనే పెట్టుకుంట లే అని మల్ల పెట్టుకున్న.

తీగె మీదికెల్లి ఉత్తరం తీసి చదివింది. నువ్వు రాసింది గూడ దానికి సరిపోలే. గంటసొంటి గొంతు అన్నది, చెవులు చిన్నబోయినయి అన్నది. అండ్ల లేని మాటలు ఎన్నో చదివింది. గొంతు ఇసుమంత వణకలే. నేను దాని మొఖమే చూసుకుంట కూసున్న. నా బిడ్డ మొఖం సక్కగ చూసి రెండేండ్లాయె. చిక్కిపోయింది. చదువుతున్నంత సేపు చెంపల మీదికెల్లి నీళ్లు కారుతనే ఉన్నయి. నాకు కనవడుతలేదనుకోని తుడుసుకుంట గూడ లేదు.

మాఘ శుద్ధ దశమి నాడు లగ్గం పెట్టించిన. ఆర్డరొస్తె మంచిదే, రాకుంటె వచ్చి దుకాణంల కూసో. నీ అసొంటోడు కూసుంటె గిరాకి మొత్తం పారిపోతది, గది వేరే ముచ్చట. లింగాన్ని గూడ తీస్కరా. మీ అత్త గరిజెలు చేస్తున్నది, పన్ను జెర పైలం అని చెప్పు.

నాకు కండ్లు మంచిగ కనవడుతున్నయని దానికి మాత్రం చెప్పకు. నీ మొక్కు నీకుండనీ, నిన్ను అబద్ధం చెప్పమంటలే. అడగకుంటె చెప్పకు, అంతే. లగ్గమయ్యేదాక రోజు సాయంత్రం దానితోని ఒక ఉత్తరం చదివించుకుంట. మల్ల నీ దగ్గరికి వచ్చేస్తది కదా.

మామ,
పాండురంగం